అనంతపురంలో ఆలివ్‌లు: సీసా ఎంపిక, ఉప్పు దించడం, నిల్వ – ప్రాజెక్టు డైరీ

ఊరబెట్టిన ఆలివ్‌లు కొని, ఒకటి నోట్లో వేసుకుని, ఉప్పు తప్ప మరో రుచి తెలియక సీసాను ఫ్రిజ్‌లో వెనక్కి నెట్టేసినవాళ్ల కోసం ఈ డైరీ. అనంతపురంలో పచ్చి ఆలివ్ కాయ దొరకదు. చెట్టు నాటినా లాభం లేదు. పూత రావాలంటే ఆలివ్‌కు చలికాలంలో వారాల తరబడి గట్టి చలి కావాలి, మన డిసెంబరు రాత్రులు అందుకు చాలవు. దేశంలో రాజస్థాన్ 2007-08 నుంచి ఆలివ్ పండిస్తోంది, అవీ ఎక్కువగా నూనె రకాలే. కాబట్టి మనకు వచ్చేది ఎక్కడో ఊరబెట్టి సీసాకెక్కించిన కాయ. కాయను మార్చలేం. ఉప్పు, పులుపు, వేడి మాత్రం మన చేతిలో ఉన్నాయి. పనంతా వాటి మీదే జరిగింది.

దశ 1: లేబుల్ చదివి కొనడం

చెట్టు మీది ఆలివ్ కాయలో ఒలియురోపీన్ అనే పదార్థం ఉంటుంది. దానివల్ల కటిక చేదు. ఆ చేదును ఎలా తీశారన్నదాన్ని బట్టే రుచి, నిల్వ మారతాయి. పద్ధతి పేరు సీసా మీద రాయరు, పదార్థాల వరుస చూసి పట్టుకోవాలి.

ఆకుపచ్చవి చాలావరకు స్పానిష్ పద్ధతివి. కాయను కొన్ని గంటలు కాస్టిక్ సోడా నీళ్లలో ఉంచి, కడిగి, ఉప్పునీటిలో పులియబెడతారు. లేబుల్‌లో ఉప్పుతో పాటు లాక్టిక్ ఆమ్లం (ఐఎన్ఎస్ 270; ఐఎన్ఎస్ అంటే ఆహారంలో కలిపే పదార్థాలకిచ్చే సంఖ్య), సిట్రిక్ ఆమ్లం (330), ఆస్కార్బిక్ ఆమ్లం (300) కనిపిస్తాయి. మంజనిల్లా, హోహిబ్లాంకా, గోర్దాల్ లాంటి రకం పేరు కూడా రాసి ఉంటే ఆ సీసా వైపు మొగ్గాలి.

మెరిసే బొగ్గు నలుపు రంగువి చెట్టు మీద నల్లబడినవి కావు. పచ్చి కాయలనే కాస్టిక్ సోడా నీళ్లలో వేసి, గాలి పట్టించి నల్లబరుస్తారు. ఆ రంగు నిలవడానికి ఫెర్రస్ గ్లూకోనేట్ (ఐఎన్ఎస్ 579) కలుపుతారు, కొందరు ఫెర్రస్ లాక్టేట్ (585) వాడతారు. ఇవి పులియవు, పులుపు ఉండదు, ఎక్కువ వేడి మీద డబ్బాలో ఉడుకుతాయి. పిజ్జా మీద కనిపించే నల్ల చక్రాలు ఇవే.

గ్రీసు నుంచి వచ్చే కలమాటా వేరు. బాదం ఆకారం, ఒక కొన సూదిగా ఉంటుంది. పండిన కాయను ఉప్పునీటిలోనే నెలల తరబడి ఊరబెట్టి, చివర్లో ద్రాక్ష వెనిగర్ చేరుస్తారు. రంగు ఊదా, గోధుమ కలిసినట్టు, కాయకో తీరుగా ఉంటుంది. అన్ని కాయలూ ఒకే నలుపులో ఉంటే అది కలమాటా కాదు.

కొనేటప్పుడు చూసినవి:

1. నికర బరువు వదిలేసి, నీరు వడకట్టాక ఉండే బరువు.
2. 579 లేదా 585 ఉందా.
3. గింజతో ఉన్నవా, తీసినవా. గింజ తీస్తే ఆ తొర్రలోకి ఉప్పునీరు చేరి కండ మెత్తబడుతుంది. ఎర్ర మిరప పేస్టు కూరినవైతే జిగురు పదార్థాలు కూడా వస్తాయి.
4. మూత ఉబ్బిందా. కాయలు నీటి పైకి తేలి, పై వరుస రంగు మారిందా.
5. సీసా దుకాణంలో ఎక్కడ ఉంది. అద్దాల తలుపు పక్కన పడమటి ఎండ తగిలే అరలో ఉన్నది ముట్టుకోవద్దు. మన ఎండలకు అక్కడ పదిహేను రోజులున్నా కాయ మెత్తబడుతుంది.

కొన్నవి:

అ సీసా: ఆకుపచ్చ, గింజతో. నికర 450 గ్రా., వడకట్టిన బరువు 270 (తూచితే 266). రూ.230. అనంతపురం.
ఆ సీసా: నల్ల చక్రాలు. నికర 450, వడకట్టిన బరువు 230 (తూచితే 232). రూ.190. అనంతపురం.
ఇ సీసా: కలమాటా, గింజతో. నికర 360, వడకట్టిన బరువు 220 (తూచితే 218). రూ.495. బెంగళూరు నుంచి తెప్పించినది.

అ సీసాలోని పది కాయలు 42 గ్రా., వాటి గింజలు 7 గ్రా. కలమాటా పది 48, గింజలు 9. గింజ పోను తినే కండకు కిలో ధర: ఆకుపచ్చ సుమారు రూ.1,020, నల్ల చక్రాలు రూ.826, కలమాటా రూ.2,770. సీసా ధర చూస్తే ఆకుపచ్చ, నల్లవి దగ్గర దగ్గరే. తిన్నప్పుడు మాత్రం ఆ రెంటికీ పోలికే లేదు.

ఇప్పటిదాకా ఖర్చు: రూ.915. పారబోసింది: 0.

దశ 2: కోసి చూడటం

కాయను నిలువుగా చాకుతో కోసి, రెండు బద్దలనూ చేతిలోకి తీసుకోండి. మంచి ఆకుపచ్చ కాయలో కండ గింజ నుంచి శుభ్రంగా విడిపోతుంది. కోసిన ముఖం తడిగా మెరుస్తుంది, వేలితో నొక్కితే లోపలికి పోయి తిరిగి పైకి వస్తుంది. తొక్క కింద అక్కడక్కడ ఆవగింజ కన్నా చిన్న తెల్లచుక్కలు ఉండొచ్చు. అవి పులియబెట్టే సూక్ష్మజీవుల గుంపులు, పురుగు కాదు, బూజు కాదు. సీసా అడుగున పలుచటి తెల్లటి మడ్డి కూడా అలాంటిదే.

కలమాటాలో తొక్క కింద ముదురు ఊదా ఉండి, గింజ దగ్గరికి వచ్చేసరికి లేతబడుతుంది. నల్ల చక్రాలు అంచు నుంచి లోపలిదాకా ఒకే రంగు. లేబుల్ చిరిగిపోయిన సీసా చేతికొస్తే ఈ ఒక్క కోత చాలు.

వాసన: ఆకుపచ్చది పుల్లగా, పచ్చిగడ్డి వాసనతో ఉండాలి. తడిసిన తోలు వాసనో, కుళ్లు వాసనో వస్తే ఆ సీసా తినకూడదు. స్పెయిన్‌లో దీన్ని ‘సపతేరా’ అంటారు. పులుపు చాలక, ఉప్పు తక్కువై వేరే సూక్ష్మజీవులు చేరినప్పుడు వస్తుంది, కడిగితే పోదు.

దశ 3: ఉప్పు, పులుపు కొలవడం

అన్నిటికన్నా ఎక్కువ కసరత్తు ఇక్కడే. నాలుకను నమ్మలేం, పులుపు ఉన్నచోట ఉప్పు తక్కువనిపిస్తుంది. పది మి.లీ. ఉప్పునీటిని మరిగించి మిగిలిన పొడిని తూచే పద్ధతీ పనికిరాలేదు. మిగిలేది అర గ్రాము చిల్లర, ఇంటి త్రాసు చూపేది ఒక్కో గ్రాము. పైగా ఆ పొడిలో ఉప్పొక్కటే ఉండదు.

పనిచేసింది టీడీఎస్ పెన్ను, అంటే నీటిలో కరిగిన లవణాలు ఎంతో అంకెలో చూపే పరికరం. మన జిల్లా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ బెడద వల్ల ఆర్‌ఓ నీళ్లు తాగే ఇళ్లు చాలా, అక్కడ ఈ పెన్ను కూడా ఉండే అవకాశం ఎక్కువ. నేరుగా సీసాలో ముంచితే మాత్రం పరిధి దాటిపోయి ఎర్రర్ చూపిస్తుంది. పలచబరచాలి:

1. ఆర్‌ఓ నీటి అంకె చూసి రాసుకోండి. ఇక్కడ 40.
2. 950 గ్రా. ఆర్‌ఓ నీటిలో 50 గ్రా. ఉప్పు కరిగించండి. ఇది 5 శాతం కొలబద్ద.
3. సూది లేని సిరంజితో దాంట్లోంచి 1 మి.లీ. తీసి, 99 మి.లీ. ఆర్‌ఓ నీటిలో కలపండి. పెన్ను 560 చూపింది. 40 తీసేస్తే 520. అంటే ఒక్క శాతం ఉప్పుకు 104.
4. సీసాలోని నీటిని అదే సిరంజితో, అదే కొలతలో పలచబరచి చూడండి. వచ్చిన అంకెలోంచి 40 తీసి, 104తో భాగించండి.

పెన్నుల్లో ఒకటి ఎక్కువ చూపుతుంది, ఇంకొకటి తక్కువ. కొలబద్ద మీద ముందు చూసుకుంటే ఆ తేడా లెక్కలోంచి పోతుంది. సీసా నీటిలోని ఆమ్లాలు కూడా అంకెను కాస్త పెంచుతాయి కాబట్టి వచ్చే జవాబు అసలు ఉప్పు కన్నా ఇసుమంత ఎక్కువే. మన పనికి ఆ తేడా అడ్డు కాదు.

ఫలితాలు:

ఆకుపచ్చ: 716, అంటే 6.5 శాతం.
నల్ల చక్రాలు: 310, అంటే 2.6 శాతం.
కలమాటా: 810, అంటే 7.4 శాతం.

పులుపును పీహెచ్ అనే అంకెతో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. మొదట పీహెచ్ కాగితం వాడితే కలమాటా నీటి ఊదా రంగు కాగితానికి పట్టి ఏమీ తేలలేదు. పీహెచ్ పెన్నుకు మారాం. దాంతో వచ్చే పొడులతో 4.0, 6.86 ద్రావణాలు చేసి సరిచూశాకే ముంచాలి. ఆకుపచ్చ 3.7, కలమాటా 4.0, నల్ల చక్రాలు 6.3.

ఈ చివరి అంకె మీద దృష్టి పెట్టండి. పీహెచ్ 4.6 కన్నా తక్కువ ఉంటే బొట్యులినమ్ అనే ప్రమాదకర సూక్ష్మజీవి పెరగదు. నల్ల చక్రాలు ఆ గీత దాటి చాలా పైన ఉన్నాయి. మూత తీయనంతకాలం డబ్బాలో వేడి పెట్టిన బలంతో నిలుస్తాయి. తీశాక వాటిని కాపాడేది ఫ్రిజ్ ఒక్కటే. వీటిని నూనెలో వేసి బయట ఊరబెట్టడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

ఖర్చు: టీడీఎస్ పెన్ను 250, పీహెచ్ పెన్ను 950, సిరంజిలు 20. ఇప్పటిదాకా: రూ.2,135. పారబోసింది: 0.

దశ 4: ఉప్పు దించడం

ముందు చేసింది అందరూ చేసేదే: 200 గ్రా. ఆకుపచ్చ కాయలు, 600 మి.లీ. ఆర్‌ఓ నీళ్లు, రాత్రంతా నానబెట్టడం. నీటిలో ఉప్పు రెండు గంటలకు 0.5 శాతం, ఆరు గంటలకు 0.8, పన్నెండు గంటలకు 1.1. అక్కడ ఆగింది. కాయలోనూ నీటిలోనూ సమానమైందన్నమాట. కాయ చప్పబడింది. ఉప్పుతో పాటు పులుపూ నీటిలోకి జారిపోయి పీహెచ్ 4.2కు ఎక్కింది. సగం, అంటే 100 గ్రాములు, అదే నీటిలో వంటింటి బల్ల మీద ఉంచి చూస్తే మర్నాటికి పైన తెల్లటి తెట్టు కట్టి, ఈస్ట్ వాసన పట్టింది. పారబోయాల్సి వచ్చింది. ఫ్రిజ్‌లో ఉంచిన సగం బాగానే ఉన్నా తినబుద్ధి కాలేదు, పప్పులో వేసి ఉడికించాం.

మార్చింది నీటి కొలత. ఎక్కువ నీళ్లు పోసి మధ్యలో ఆపే బదులు, ఎక్కడ ఆగాలో ముందే లెక్క వేసి అంతే నీళ్లు పోయడం. 270 గ్రా. కాయల్లో గింజ పోను కండ 225. అందులో ముప్పావు వంతు నీరు అనుకుంటే 169 గ్రా. దాంట్లో 6.5 శాతం చొప్పున ఉప్పు 11 గ్రా. సీసాలోంచి వంచేసే నీరు సుమారు 180. దాని బదులు అంతే మంచినీళ్లు పోస్తే 11 గ్రాముల ఉప్పు 349 గ్రాములకు సర్దుకోవాలి, అంటే 3.15 శాతం. ఇంకో సీసా విప్పి చూశాం:

1. సీసాలోని నీరు శుభ్రమైన గ్లాసులోకి పూర్తిగా వంచండి. పారబోయొద్దు, నిల్వకు పనికొస్తుంది.
2. అదే సీసాను ఆర్‌ఓ నీళ్లతో అంచుదాకా నింపండి.
3. 5 మి.లీ. తెల్ల వెనిగర్ చేర్చి, మూత బిగించి, ఫ్రిజ్‌లో పెట్టండి. అప్పుడప్పుడు తలకిందులు చేయండి.

నీటిలో ఉప్పు: 2 గంటలకు 1.2, 6 గంటలకు 2.2, 12 గంటలకు 2.9, ఒక రోజుకు 3.2. ఆ తర్వాత కదల్లేదు. పీహెచ్ 3.9. లెక్కకూ కొలతకూ తేడా లేదనే చెప్పొచ్చు. ఈ కాయలో మొదట పులుపు, వెనక సన్నటి చేదు, చివర్లో కమ్మదనం తెలుస్తాయి. 6.5 శాతం ఉప్పు కింద అవన్నీ మరుగున ఉన్నాయి. నీళ్లు ఒకసారి మారిస్తే చాలు, రెండోసారి అక్కర్లేదు.

బోరు నీళ్లతో చేస్తే? ఒక గిన్నెలో అదే కొలతలో, వెనిగర్ వేయకుండా చూశాం. పీహెచ్ 4.3. ఆ నీళ్లలోని బైకార్బనేట్లు పులుపును విరిచేస్తాయి. రెండు మూడుసార్లు నీళ్లు మారిస్తే 4.6 దాటే ప్రమాదం ఉంది. ఆర్‌ఓ నీళ్లే వాడండి. ఉప్పు ఏదైనా ఫర్వాలేదు. అయోడిన్ ఉప్పుతో నీరు కాస్త మబ్బుగా అవుతుంది, కల్లుప్పైతే కరిగించి వడగట్టాలి.

కలమాటాకు ఇంత దించొద్దు. దాని రుచి వెనిగర్ కలిసిన ఆ నీటిలోనే ఉంది. సగం నీరు, అంటే 70 మి.లీ. తీసి, అంతే ఆర్‌ఓ నీళ్లు, 5 మి.లీ. ద్రాక్ష వెనిగర్ పోస్తే 5.5 శాతానికి వచ్చింది. అదే సరైన చోటు.

ఖర్చు: అ రకం ఇంకో సీసా 230, ఉప్పు, వెనిగర్ 65. ఇప్పటిదాకా: రూ.2,430. పారబోసింది: 100 గ్రా.

దశ 5: మసాలా పట్టించడం

కుదరనివి ముందు.

ఆవపిండి, మెంతిపిండి: ఆవకాయ లెక్కన 60 గ్రాములకు కలిపాం. ఆలివ్‌లో ఉన్న చేదుకు మెంతుల చేదు తోడై నోట్లో పెట్టలేకపోయాం. ఇది పారబోసిందే.

వేడి తిరగమోత: కాగిన నూనె నేరుగా పోయగానే తొక్క ముడుచుకుని కండ నుంచి ఊడింది, కాయ చితికిపోయింది. తిరగమోతను వేలు పెట్టగలిగేంత చల్లార్చి పోస్తే తొక్క నిలిచింది.

గానుగ చెనక్కాయ నూనెలో ముంచడం: నూనె మంచిదే, కానీ దాని వాసన ముందు ఆలివ్ వాసన తేలిపోయింది. ఫ్రిజ్‌లో పేరుకుని తెల్లబడింది కూడా. ఆలివ్ నూనె కూడా ఫ్రిజ్‌లో పేరుకుంటుంది, బయట పెడితే కరిగిపోతుంది, అది చెడినట్టు కాదు. అసలు చిక్కు వేరే ఉంది. పచ్చి తెల్లగడ్డ రెబ్బలు నూనె అడుగున ఉంటే గాలి తగలదు, పులుపూ తగలదు. బొట్యులినమ్‌కు కావలసిన చోటు అదే. అందుకే సీసా నిండా నూనె పోసే పద్ధతి మానేసి, తెల్లగడ్డను ముందే వెనిగర్‌లో నానబెట్టి, నూనె వడ్డించేటప్పుడు కలపడానికి మారాం.

కుదిరింది సైప్రస్ తీరు. అక్కడ ఆకుపచ్చ కాయలను చితక్కొట్టి ధనియాలు, తెల్లగడ్డ, నిమ్మకాయతో కలుపుతారు. ధనియాలు మనింట్లోనివే. వాసనకు మన చీనీకాయ (బత్తాయి) తొక్క సరిగ్గా అమరింది.

ఉప్పు దించిన కాయలు 200 గ్రాములకు:

1. మూడు తెల్లగడ్డ రెబ్బలు చితిపి, 15 మి.లీ. వెనిగర్‌లో రాత్రంతా ఫ్రిజ్‌లో నానబెట్టండి.
2. కాయలను కల్వంలో ఒక్కొక్కటిగా, తొక్క చీలేంత మాత్రం తట్టండి. గింజ పగలకూడదు, పగిలితే పంటి కింద పలుకులు వస్తాయి.
3. ధనియాలు 4 గ్రా. వేయించకుండా కచ్చాపచ్చాగా దంచండి. వేయిస్తే సాంబారు వాసన వస్తుంది.
4. చీనీ తొక్క 2 గ్రా. పైపొర మాత్రమే సన్నగా తురమండి. లోపలి తెల్లభాగం తగిలితే చేదు.
5. నిమ్మరసం 15 మి.లీ., గింజలు దులిపిన ఎండుమిరపకాయ ఒకటి, నానిన తెల్లగడ్డ వెనిగర్‌తో సహా కలిపి, మూత పెట్టి ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంచండి.
6. తినడానికి ఇరవై నిమిషాల ముందు బయటపెట్టి, 20 మి.లీ. ఆలివ్ నూనె కలపండి. చల్లటి కాయకు రుచి తెలియదు.

వారంలోపల తినేయాలి. చీనీ తొక్క తురుము వాసన రెండో రోజు పతాకస్థాయికి వెళ్లి, తర్వాత తగ్గుతుంది. కలమాటాకు ఇవేవీ వేయొద్దు. చిటికెడు వాము చాలు, అదీ వడ్డించేటప్పుడే.

ఖర్చు: అ రకం సీసా 230, ఆలివ్ నూనె చిన్న సీసా, దినుసులు, చీనీకాయలు 240. ఇప్పటిదాకా: రూ.2,900. పారబోసింది: 160 గ్రా.

దశ 6: ఎండాకాలం నిల్వ

కొత్త అ సీసా విప్పి, దాని నీటితోనే రెండు సగాలు చేశాం. ఒకటి వంటింట్లో (36 నుంచి 38 డిగ్రీలు), ఒకటి ఫ్రిజ్‌లో. ఉప్పు దించలేదు, 6.5 శాతమే. వారం తిరిగేసరికి వంటింటి సగానికి తెట్టు కట్టింది, పీహెచ్ 3.7 నుంచి 4.3కు ఎక్కింది, కాయ మెత్తబడింది. దాన్నీ పారబోశాం. తెట్టు దానంతటది విషం కాదు. కానీ అది పులుపును తినేస్తుంది, పులుపు తగ్గాక చెడ్డవి చేరతాయి. ఫ్రిజ్ సగంలో మార్పు లేదు. ఆవకాయ బయట నిలుస్తుంది కదా అనుకోవద్దు. ఆవకాయలో ఉప్పు దీనికన్నా చాలా ఎక్కువ, పైన నూనె ఉంటుంది, ఆవపిండి ఉంటుంది.

నల్ల చక్రాలు ఫ్రిజ్‌లో కూడా వారానికి జిగురు పట్టాయి, మిగిలిన 70 గ్రాములు పోయాయి. విప్పాక నాలుగైదు రోజులు దాటించొద్దు.

పాటిస్తున్న పద్ధతి: తడిలేని చెంచా. కాయలు ఎప్పుడూ నీటిలో మునిగి ఉండాలి. నీరు తగ్గితే 500 మి.లీ. ఆర్‌ఓ నీళ్లు, 20 గ్రా. ఉప్పు, 30 మి.లీ. వెనిగర్ కలిపి పోయాలి. ఉప్పు దించినవి రెండు వారాల్లో అయిపోవాలి. అందుకే సీసా మొత్తం కాకుండా తినేంతే దించి, మిగతావి తీసిపెట్టిన పాత నీటిలో ఉంచడం మేలు.

ఖర్చు: సీసా 230. ఇప్పటిదాకా: రూ.3,130. పారబోసింది: 360 గ్రా.

దశ 7: పళ్లెంలోకి

జొన్నరొట్టెతో కలమాటా, పచ్చి ఎర్రగడ్డ. ఇంకేం అక్కర్లేదు. బొరుగుల్లో చితక్కొట్టిన ఆకుపచ్చవి తినే ముందే కలపాలి, లేకపోతే బొరుగులు మెత్తబడతాయి.

ఉగ్గానిలో ఇద్దరికి 30 గ్రా. కండ సరిపోతుంది, పొయ్యి మీంచి దించాక వేయాలి. ఉప్పు దించిన 30 గ్రాముల్లో ఉప్పు సుమారు 0.7 గ్రా., దించనిదైతే 1.5 గ్రా. మనిషికి రోజుకు మొత్తం 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి ఉగ్గానిలోకి పప్పులపొడి ఉప్పు లేకుండా దంచుకుని, ఆలివ్‌లు కలిపాక రుచి చూసి, అప్పుడు కావాలంటే ఉప్పు చల్లండి.